యజ్ఞశాలలో తండ్రి, స్తూపం దగ్గర మేనత్త

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ప్రాచీన ప్రపంచంలో సంప్రదాయం సంస్కృతినీ అస్తిత్వాన్నీ ఎలా మలిచింది అన్నది నిర్వాహకులు నాకిచ్చిన అంశం. ఈజిప్టు, రోము, చైనా అన్నీ ఇందులో పడతాయి. గంట సేపట్లో అవన్నీ చుట్టబెట్టేవాళ్లు ఉండవచ్చు, నాకు ఆ శక్తి లేదు. నాసిక్ గుహలు, కృష్ణ ఒడ్డున ఉండిన విజయపురి, మధ్యలో కాసేపు అమరావతి. శాతవాహనుల కాలం నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా. ఈ కాస్త చోటు గురించే మాట్లాడతాను.

ముందు ఒక శాపం కథ. ఇది ఐతరేయ బ్రాహ్మణంలోది. విశ్వామిత్రుడికి నూటొక్కమంది కొడుకులు. యూపస్తంభానికి బలిగా కట్టిన శునశ్శేపుడు బతికి బయటపడ్డాక ఆయన అతణ్ణి చేరదీసి, ఇకమీదట వీడే నా పెద్దకొడుకు అన్నాడు. మధుచ్ఛందుడూ అతనికంటే చిన్నవాళ్లూ ఒప్పుకున్నారు. పెద్దవాళ్లు యాభైమంది ససేమిరా అన్నారు. మీ సంతానం పొలిమేరల పాలవుగాక అని తండ్రి శపించాడు. ఆ సంతానమే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అనీ, దస్యుల్లో చాలామంది విశ్వామిత్రుడి సంతతేననీ ఆ గ్రంథం అంటుంది. ఆంధ్రుల ప్రస్తావన ఐతరేయ బ్రాహ్మణంలోనే ఉందని మనం పాఠ్యపుస్తకాల్లో గర్వంగా రాసుకుంటాం. అది తిట్ల జాబితాలో ఉన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పం.

ఇప్పుడు కొన్ని వందల ఏళ్లు ముందుకు వద్దాం. పురాణాలు ఆంధ్రులని పిలిచిన శాతవాహన రాజులు దక్కనును ఏలుతున్నారు. వాళ్ల శాసనాల్లో ఎక్కడా తాము ఆంధ్రులమని చెప్పుకోలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. మరి ఏమని చెప్పుకున్నారు?

కొంకణ తీరం నుంచి జున్నరు వైపు ఎక్కే కనుమ ఉంది, నానేఘాట్. వర్తకుల బిడారులు నడిచిన దారి. ఆ కనుమ ముఖద్వారంలో తొలిచిన గుహ గోడల మీద శాతవాహన రాణి నాగనికదని పండితులు భావించే పొడవైన శాసనం ఉంది. ధర్ముడికి, ఇంద్రుడికి, సంకర్షణ వాసుదేవులకు, చంద్రసూర్యులకు, నలుగురు దిక్పాలకులకు నమస్కారంతో మొదలవుతుంది. ఆ తరువాత అశ్వమేధం, రాజసూయం, ఇంకా ఎన్నో యాగాలు, ఒక్కొక్క దానికి ఇచ్చిన దక్షిణలు: ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణాలనే నాణేలు. చదువుతుంటే జమాఖర్చుల పుస్తకం తిరగేస్తున్నట్టే ఉంటుంది. రాణి మాసోపవాసాలు చేసింది, ఇంట్లోనే ఉండి తాపసిలా బతికింది అని కూడా అందులో ఉంది. ఇంత వైదిక నిష్ఠను ఏ ఆశ్రమంలోనో కాక, సరుకుల మూటలతో జనం నిత్యం వచ్చిపోయే కనుమలో ఎందుకు చెక్కించారు? దారిన పోయే ప్రతి ఒక్కడికీ కనబడాలని. పొలిమేరల మనుషులని ఒకప్పుడు ఈసడించిన సంప్రదాయాన్నే తెచ్చుకుని, మేమూ యాగాలు చేసిన రాజులమే అని నడిదారిలో చాటుకున్నారు.

అసలు విశేషం నాసిక్‌లో ఉంది. అక్కడ 3వ గుహలో గౌతమీ బాలశ్రీ శాసనం. మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనలో 19వ ఏట, కొడుకు పోయాక, ఆ ముసలి తల్లి చెక్కించింది. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని ఆమె పొగిడిన తీరు చూడాలి. మూడు సముద్రాల నీళ్లు తాగిన వాహనాలు గలవాడు. శక యవన పహ్లవులను నిర్మూలించినవాడు. క్షహరాత వంశాన్ని మిగల్చకుండా తుడిచిపెట్టినవాడు. క్షత్రియుల గర్వం అణచినవాడు. ఏకబ్రాహ్మణుడు, అంటే సాటిలేని బ్రాహ్మణుడు. నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడు. నాభాగ, నహుష, జనమేజయ, సగర, యయాతి, రామ, అంబరీషులంతటి తేజస్సు గలవాడు. ఇన్ని బిరుదుల మధ్య ఒక తల్లి మాత్రమే రాయించగల విశేషణం ఒకటి దూరింది: తల్లికి ఎదురు చెప్పకుండా సేవ చేసినవాడు.

ఇంత బ్రాహ్మణ్యం చాటిన ఆ శాసనం దేనికి వేయించారు? గుహను భద్రాయనీయ శాఖ బౌద్ధ భిక్షువులకు దానం ఇచ్చినందుకు. ఏకబ్రాహ్మణుడన్న పొగడ్త బౌద్ధ విహారం గోడ మీద, సంస్కృతంలో కాక ప్రాకృతంలో, ఒక స్త్రీ పేరు మీద ఉంది. మనకు ఇది వింతగా కనిపిస్తుంది గానీ ఆమెకు అందులో ఇబ్బంది ఏమీ తోచినట్టు లేదు.

అదే కొండలో ఇంకో గుహ. గౌతమీపుత్రుడి శత్రువు, క్షహరాత రాజు నహపాణుడి అల్లుడు, శకుడైన ఉషవదాతుడు చెక్కించిన శాసనాలు అక్కడున్నాయి. మూడు లక్షల గోవులు ఇచ్చాను, దేవతలకూ బ్రాహ్మణులకూ పదహారు గ్రామాలు ఇచ్చాను, ఏటా లక్షమంది బ్రాహ్మణులకు అన్నం పెట్టాను అంటాడు. ఆ తరువాత ఈ గుహను భిక్షువులకు ఇచ్చాను అంటాడు. పేర్లు చెరిపేసి చదివితే ఏది స్వదేశి రాజుదో ఏది విదేశి రాజుదో పోల్చుకోలేం. ఒకరినొకరు చంపుకున్నారు, కానీ పుణ్యం లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకే పద్ధతి. నాసిక్ దగ్గర జోగల్తెంబిలో 1906లో నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కొన్నింటి మీద ఆ ముద్ర కింద పాత రాజు ముఖం ఇంకా ఆనవాలు పట్టేలా ఉంటుంది.

వర్ణసంకరం ఆపాడన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. కన్హేరి గుహల్లో మరో శాసనం ఉంది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి శకుల్లో కార్దమక వంశపు ఆడపడుచు, మహాక్షత్రపుడనే బిరుదున్న రాజు కూతురు అని అందులో ఉంది. అంటే శకుల పిల్ల శాతవాహనుల కోడలైంది. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో శక రాజు రుద్రదాముడు, దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించాను, దగ్గరి చుట్టరికం వల్ల నాశనం చేయలేదు అంటాడు. శకులను నిర్మూలించామని గోడమీద, శకులతో వియ్యం ఇంట్లో. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రుద్రదాముడి శాసనం చక్కటి సంస్కృత గద్యం. వేదం శకులది కాదని ఎవరైనా అంటారేమోనన్న బెంగ వాళ్లకే ఎక్కువ ఉండి ఉంటుంది, అందుకే సంస్కృతం మీద వాళ్లకే మోజు ఎక్కువ. ఇది నా ఊహ, శాసనంలో లేదు.

నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. రాజులు గోడలమీద చెప్పుకున్న సంప్రదాయం ఒకటి. ఇళ్లలో నడిచిన సంప్రదాయం ఒకటి. మొదటిది ఎక్కడినుంచో తెచ్చుకున్నది, అవసరాన్నిబట్టి మారింది. రెండోదాని గురించి ఎవరూ గొప్పలు పోలేదు, అది శాసనాల్లోకి తనంతట తాను, వేరే పని మీద వచ్చి పడింది. మనం ఎవరమో చెప్పేది ఎక్కువగా ఆ రెండోదే. దానికి సాక్ష్యం విజయపురిలో ఉంది.

నాగార్జునకొండ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1926లో ఆ స్థలం పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. ఆనకట్ట కడుతున్నారని తెలిశాక 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ముఖ్యమైనవి కొండమీదికి తరలించారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అదే. ఆ పేరే చూడండి. రాముడి వంశం పేరు. కృష్ణ ఒడ్డున కొత్తగా రాజ్యానికి వచ్చిన కుటుంబం అయోధ్య పేరు పెట్టుకుంది. పైగా అక్కడి శాసనం ఒకటి బుద్ధుణ్ణి కూడా ఇక్ష్వాకు రాజర్షుల వంశంలో పుట్టినవాడే అంటుంది. దాంతో రాముడూ బుద్ధుడూ ఇద్దరూ రాజుగారి చుట్టాలైపోయారు.

తొలి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు, మహాసేనుడి, అంటే కుమారస్వామి భక్తుడు, కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల నేల దానం ఇచ్చినవాడు. ఈ వర్ణన మనకు ఎక్కడ దొరుకుతుందో తెలుసా? ఎక్కువగా బౌద్ధ మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, స్తంభాల మీద. అవి వేయించింది ఆయన కాదు. ఆయన చెల్లెళ్లు, కోడళ్లు, కూతుళ్లు.

ఆంధ్రదేశపు స్తూపాలకు ఒక ప్రత్యేకత ఉంది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికలు, ఒక్కోదానిమీద ఐదేసి స్తంభాలు. బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ఉపదేశం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులంటారు. నాగార్జునకొండ మహాచైత్యంలో ఆ స్తంభాల మీద రాజకుటుంబపు స్త్రీలు తమ పేర్లు చెక్కించారు. వారిలో ముందు నిలిచేది శాంతిశ్రీ, రాజు శాంతమూలుడి తోబుట్టువు, పూకీయ వంశపు మహాతలవరుడి, అంటే ఒక పెద్ద అధికారి భార్య. మేనల్లుడు వీరపురుషదత్తుడి పాలనలో 6వ ఏట ఈ మహాచైత్యం నిర్మాణం ఆమె పేరు మీద పూర్తయింది. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలనే నాణేలు ఇచ్చింది. వీరపురుషదత్తుడి కూతురు కొడబలిశ్రీ వనవాసి మహారాజుకు ఇల్లాలై వెళ్లింది, ఆమె కూడా ఇక్కడ విహారం కట్టించింది. మగవాళ్లు యజ్ఞశాలలో, ఆడవాళ్లు స్తూపం దగ్గర. పోట్లాట జరిగిన జాడ ఏ శాసనంలోనూ లేదు.

ఇప్పుడు చుట్టరికాలు చూద్దాం. శాంతిశ్రీకి వీరపురుషదత్తుడు అన్న కొడుకు. 18వ పాలనా సంవత్సరపు శాసనంలో ఆమె అతణ్ణి నా అల్లుడు అంటుంది. మరో మేనత్త హమ్మశ్రీ. ఆమె కూతుళ్లు బాపిశ్రీ, షష్ఠిశ్రీ ఇద్దరూ వీరపురుషదత్తుడి రాణులే. (నవ్వులు) నవ్వుతున్నారు కదా, అర్థమైంది. మేనత్త కూతురు. ఈ సభలో ఉన్న పెద్దల్లో చాలామందికి ఇందులో వివరించాల్సింది ఏమీ లేదు. ఉత్తరాది మిత్రులకు ఇది చెబితే మాత్రం కళ్లు పెద్దవి చేస్తారు.

వాళ్లు అలా చూడటం కొత్తేమీ కాదు. బౌధాయన ధర్మసూత్రంలో దక్షిణాదివారికి ప్రత్యేకమైన ఆచారాలు ఐదు చెప్పారు: ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్ది తినడం, మేనమామ కూతురిని పెళ్లాడటం, మేనత్త కూతురిని పెళ్లాడటం. ఉత్తరాదివారికీ ఐదు చెప్పారు: ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, రెండు దవడలకూ పళ్లుండే పశువుల వ్యాపారం, ఆయుధాలతో జీవించడం, సముద్రయానం. ఎక్కడి ఆచారం అక్కడ చెల్లుతుంది, ఇక్కడిది అక్కడ చేస్తే దోషం అని సూత్రకారుడు తీర్పు చెప్పి, మరో ధర్మసూత్రకర్త గౌతముడు మాత్రం దీన్ని ఒప్పుకోడు అని కూడా చేర్చాడు. చద్దన్నాన్నీ మేనరికాన్నీ ఒకే పట్టీలో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మన అమ్మమ్మల ఇల్లు ఒక ధర్మశాస్త్ర గ్రంథంలో ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

అశ్వమేధం చేసిన ఇల్లది. ఉత్తరాది పద్ధతిలో గోత్రం, యాగం, వంశనామం అన్నీ సమకూర్చుకున్నారు. పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఊరి పద్ధతే. మేనరికాన్ని సమర్థించడానికి నేను రాలేదు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు వచ్చే ఇబ్బందులు డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, మీరు వాళ్ల మాట వినండి. చరిత్రకు సంబంధించి నేను చెప్పేది ఒక్కటే, అశ్వమేధం ఆగిపోయి ఎన్ని వందల ఏళ్లయిందో లెక్కేసుకోండి, మేనరికం మొన్నమొన్నటి దాకా ప్రతి ఊళ్లోనూ ఉంది.

పేర్ల సంగతి కూడా అంతే. తాత శాంతమూలుడు, కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువల శాంతమూలుడు. ఆ మనవడి కొడుకుల్లో ఒకడికి మళ్లీ వీరపురుషదత్తుడని పేరు. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అని తల్లి గోత్రంతో చెప్పుకోవడం చూసి, అప్పట్లో స్త్రీ రాజ్యం ఉండేదని కొందరు ఉబలాటపడతారు. సింహాసనం తండ్రినుంచి కొడుక్కే పోయింది. అయితే అంతఃపురంలో చాలామంది రాణులున్నప్పుడు ఈ రాజు ఎవరి కడుపున పుట్టాడో, ఏ ఇంటి మేనల్లుడో అందరికీ తెలియాలి. ఆ ఇల్లు అతనికి బలం. అందుకే తల్లి పేరు.

రాజుల ఇళ్లలోనే ఇలా ఉండేదా అని మీకు అనుమానం రావచ్చు. అమరావతిలో ఒక పలక ఉంది. పూర్ణఘటం చెక్కిన పలక. దాత విధికుడు. వృత్తి చర్మకారుడు. తండ్రి ఉపాధ్యాయుడు నాగుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, జ్ఞాతి మిత్ర బంధువులతో కలిసి ఇచ్చిన దానం అని రాసి ఉంది. రెండు పంక్తుల్లో ఎంత సమాచారం ఉందో చూడండి. తోలుపని చేసేవాడు తన వృత్తి దాచుకోకుండా మహాచైత్యం రాతిమీద చెక్కించుకున్నాడు. అతని తండ్రి చదువు చెప్పేవాడు. మనవడికి తాత పేరు పెట్టుకున్నారు. ఎహువల శాంతమూలుడి ఇంట్లో జరిగిందే ఈ చర్మకారుడి ఇంట్లోనూ జరిగింది. తరువాతి కాలంలో ఈ వృత్తివాళ్లను గుడి గడప దాటనివ్వలేదని మనకు తెలుసు. మరి మన సంప్రదాయం అనాదిగా ఇంతే అనేవాళ్లకు ఈ పలక చూపించాలి.

బోధిశ్రీ అనే ఉపాసిక శాసనం ఇంకా బాగుంటుంది. వీరపురుషదత్తుడి 14వ ఏటిది. ఆమె రాణి కాదు, గృహస్థురాలు. నాగార్జునకొండ దగ్గరి శ్రీపర్వతం మీద చుళధమ్మగిరి విహారంలో సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాత, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడ దేశాలకు ధర్మం తీసుకువెళ్లిన ఆచార్యులట వాళ్లు. అంత లోకం చెప్పాక శాసనం చుట్టాల్లోకి దిగుతుంది. భర్త, తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు. ఎవరి పేరు వదిలేస్తే ఎవరికి కోపం వస్తుందోనని కుటుంబమంతా కూర్చుని రాయించిన పెళ్లి శుభలేఖలా ఉంటుంది. ఆ పైన తాను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో వివరాలు. కంటకసేలలో, అంటే ఇప్పటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. పూర్వశైలంలో చెరువు, మండపం. చివర్లో శిల్పి పేరు. అతనూ విధికుడే, ఆ రోజుల్లో వాడుకలో ఉన్న పేరు కాబోలు. చీనా నుంచి యవన దేశం దాకా తెలిసిన స్త్రీ, తాను ఎవరో చెప్పుకోవాల్సి వస్తే బంధువుల పేర్లే చెప్పింది.

చనిపోయినవారికి నిలిపిన ఛాయాస్తంభాలు కూడా ఆ లోయలో ఉన్నాయి. శాంతమూలుడి పేర నిలిపిన దానిమీద తల్లులు, తోబుట్టువులు, రాణుల పేర్లున్నాయి. సేనాపతులకు, సైనికులకు, ఒక శిల్పిపెద్దకు కూడా స్తంభాలు వేశారు. ఇది బౌద్ధమా, వైదికమా అని అడిగితే రెండూ కాదు. అదే లోయలో ఇక్ష్వాకులకంటే ఎంతో ముందు బండరాళ్లు పాతి సమాధులు కట్టిన మనుషులున్నారు. తరువాత మన ఊళ్లలో వీరగల్లులు వెలిశాయి. చచ్చినవారికి రాయి నిలిపే అలవాటు మతాలు మారినా మానలేదు.

చివరి తరాల్లో గోడలమీది సంప్రదాయం మళ్లీ మారింది. ఎహువల శాంతమూలుడి కాలానికి శాసనాలు సంస్కృతంలోకి వచ్చాయి. అంతకుముందే, 207 నాటి చేబ్రోలు శాసనంలో శాతవాహన రాజు విజయుడి పేరుతో సంస్కృతం కనిపిస్తుంది. విజయపురి నది ఒడ్డున సర్వదేవాధివాసం, పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి ఆలయాలు వెలిశాయి. 4వ శతాబ్దం తొలినాళ్లకు ఇక్ష్వాకులే లేరు.

ఎవరైనా ఏదైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేనరికం శాస్త్రవిరుద్ధం అని కదా, మరి ధర్మశాస్త్రాలు రాసిన దక్షిణాది పండితులు దాన్ని ఎలా ఒప్పుకున్నారు?)

మంచి ప్రశ్న. ఒప్పుకోవడానికి చాలా అవస్థ పడ్డారమ్మా. మనుస్మృతి మేనత్త కూతురిని, మేనమామ కూతురిని పెళ్లాడితే ప్రాయశ్చిత్తంగా చాంద్రాయణ వ్రతం చేయమంటుంది. మీమాంసా పండితుడు కుమారిల భట్టు, దక్షిణాదివాళ్లు మేనమామ కూతురు దొరికితే సంబరపడతారని ఎగతాళి చేశాడు. 14వ శతాబ్దంలో విజయనగరంలో మాధవాచార్యుడు పరాశర స్మృతికి వ్యాఖ్య రాస్తూ పేజీలకు పేజీలు దీనికే కేటాయించి, శ్రుతివాక్యాలు వెతికి మరీ మేనమామ కూతురితో పెళ్లి చెల్లుతుందని వాదించాడు. అప్పటికి శాంతిశ్రీ తన కూతురిని అన్న కొడుక్కి ఇచ్చి వెయ్యేళ్లు దాటింది. ఆమె ఏ వాక్యమూ వెతికినట్టు లేదు. శాంతిశ్రీ, బోధిశ్రీల శాసనాల మూలపాఠాలు ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో ఉన్నాయి. ప్రాకృతం రాకపోయినా పక్కనే అనువాదం ఉంటుంది. మీ కాలేజీ గ్రంథాలయంలో లేకపోతే తెప్పించమని అడగండి.